విదేశాల నుంచి హెడ్‌ఫోన్స్ తెప్పిస్తున్నారా? వారంటీ, కస్టమ్స్ లెక్క ముందే చూసుకోండి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ.. ఈ మూడు ఊళ్లలో ఏ వీధికి వెళ్లినా అమెరికాలోనో, దుబాయ్‌లోనో ఉంటున్న పిల్లలున్న ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. వాళ్లు సెలవులకు వస్తున్నారంటే ఇక్కడి నుంచి వెళ్లే మొదటి మెసేజ్ ఒకటే. ‘అన్నయ్యా, వచ్చేటప్పుడు మంచి హెడ్‌ఫోన్స్ తెస్తావా?’ అక్కడ ధర తక్కువ, ఆఫర్లు ఎక్కువ, ఇక్కడ ఇంకా రాని మోడల్ కూడా దొరుకుతుంది. అంతవరకు బాగానే ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఒక పక్క సౌండ్ రావడం ఆగిపోతేనే అసలు సమస్య మొదలవుతుంది. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే బిల్లు చూసి, ‘ఇది ఇండియా పీస్ కాదండీ, వారంటీ రాదు’ అంటారు.

కంపెనీ ఒకటే, మోడల్ ఒకటే అయినప్పుడు ఎందుకిలా? విదేశాల్లోని కొన్ని షాపులు ఇండియాకు పార్సిల్ పంపబోమని ఎందుకంటాయి? మనకు చట్టం ఏ మేరకు అండగా ఉంటుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

డీలర్‌కు సరిహద్దు ఎందుకు?

పెద్ద ఆడియో కంపెనీలు చాలావరకు ప్రతి దేశంలో ఒక అధీకృత దిగుమతిదారును, ఆయన కింద డిస్ట్రిబ్యూటర్లను, డీలర్లను పెట్టుకుంటాయి. ప్రకటనల ఖర్చు, సర్వీస్ సెంటర్, స్పేర్ పార్టులు, వారంటీ భారం.. ఇవన్నీ ఆ దేశపు దిగుమతిదారు మీదే ఉంటాయి. అందుకు బదులుగా ‘నీ దేశంలో నువ్వే అమ్ముకో, పక్క దేశపు డీలర్ నీ ప్రాంతంలోకి రాడు’ అని కంపెనీ హామీ ఇస్తుంది. అమెరికాలోని అధీకృత డీలర్‌కు మీరు మెయిల్ పెడితే ‘మీ దేశానికి పంపలేం’ అని జవాబు రావడానికి చాలాసార్లు ఈ ఒప్పందమే కారణం.

ధర తేడాకు పన్నులు మరో కారణం. 2022 బడ్జెట్‌లో హెడ్‌ఫోన్స్, ఇయర్‌ఫోన్స్‌పై కస్టమ్స్ సుంకాన్ని 15 నుంచి 20 శాతానికి పెంచారు. దానిపైన 18 శాతం జీఎస్టీ. మన దగ్గర బాక్స్ మీద కనిపించే ఎమ్మార్పీలో ఇవన్నీ కలిసే ఉంటాయి. అమెరికా వెబ్‌సైట్‌లో కనిపించే ధరలో మాత్రం అక్కడి సేల్స్ ట్యాక్స్ ఉండదు, బిల్లు వేసేటప్పుడు కలుపుతారు. ఈ రెండు ధరలను నేరుగా పోల్చి చూడటమే చాలామంది చేసే మొదటి పొరపాటు.

ఇలాంటి ఆంక్షలు చట్టబద్ధమేనా?

అన్నీ తప్పు కావు, అన్నీ ఒప్పూ కావు. మన కాంపిటీషన్ చట్టం-2002లోని సెక్షన్ 3(4) ప్రకారం డీలర్‌కు ప్రాంతం కేటాయించే ఒప్పందం దానంతటదే నేరం కాదు. దానివల్ల మార్కెట్లో పోటీ గణనీయంగా దెబ్బతింటేనే తప్పవుతుంది.

యూరప్‌లో ఏం జరిగిందో చూడండి. 2018 జులై 24న యూరోపియన్ కమిషన్ ఆసుస్, డెనాన్ అండ్ మరాంజ్, ఫిలిప్స్, పయనీర్ కంపెనీలకు కలిపి 11.1 కోట్ల యూరోలకు పైగా జరిమానా వేసింది. ఆన్‌లైన్ షాపులు ధర తగ్గించి అమ్మకుండా ఒత్తిడి తెచ్చారన్నది ప్రధాన అభియోగం. డెనాన్ అండ్ మరాంజ్ విషయంలో ఆ వస్తువుల్లో హెడ్‌ఫోన్స్, స్పీకర్లు కూడా ఉన్నాయి. పయనీర్ అయితే ఒక దేశంలోని షాపు మరో దేశపు వినియోగదారులకు అమ్మకుండా కూడా అడ్డుకుందని కమిషన్ తేల్చింది. అదే ఏడాది డిసెంబరు 3 నుంచి యూరోపియన్ యూనియన్‌లో మరో నిబంధన అమల్లోకి వచ్చింది. కొనేవారు వేరే సభ్య దేశంలో ఉంటున్నారన్న కారణంతో ఆన్‌లైన్ షాపు సాధారణ వస్తువుల అమ్మకాన్ని నిరాకరించకూడదు. అయితే ఇంటిదాకా డెలివరీ చేయాలన్న బాధ్యత మాత్రం లేదు. ఈ సౌకర్యం ఆ యూనియన్ లోపలి వారికే. కోదాడలో కూర్చుని జర్మనీ షాపును ఈ నిబంధన పేరుతో నిలదీయలేం.

మన దేశంలో దీనికి దగ్గరగా ఉన్నది ఇంటెల్ కేసు. విదేశాల్లో కొని దిగుమతి చేసుకున్న ప్రాసెసర్లకు ఇండియాలో వారంటీ ఇవ్వబోమని, ఇక్కడి అధీకృత డిస్ట్రిబ్యూటర్ల ద్వారా వచ్చిన వాటికే ఇస్తామని ఇంటెల్ 2016లో విధానం పెట్టింది. 2019లో కాంపిటీషన్ కమిషన్ దర్యాప్తుకు ఆదేశించింది. 2024 ఏప్రిల్‌లో ఇంటెల్ ఆ విధానాన్ని వదులుకుంది. 2026 ఫిబ్రవరిలో కమిషన్ 27 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్రాసెసర్ల మార్కెట్లో ఇంటెల్‌ది ఆధిపత్య స్థానం, దాన్ని దుర్వినియోగం చేసిందన్నదే ఆ తీర్పు సారం. హెడ్‌ఫోన్స్ మార్కెట్లో పదుల కొద్దీ కంపెనీలు పోటీ పడుతున్నాయి. కాబట్టి ఈ తీర్పు చూపించి ఏ హెడ్‌ఫోన్ కంపెనీనైనా వారంటీ ఇవ్వాల్సిందేనని పట్టుబట్టడం కుదరదు.

విదేశీ పీస్ ఇక్కడ అమ్మడం నేరమా?

‘గ్రే మార్కెట్’ అనగానే దొంగ సరుకు అనుకుంటారు. రెండూ వేరు. నకిలీ అంటే కంపెనీ తయారు చేయనిది. గ్రే అంటే కంపెనీ తయారు చేసిన అసలు వస్తువే, కానీ అధీకృత దిగుమతిదారు ద్వారా కాకుండా వేరే దారిలో వచ్చింది. శాంసంగ్ ప్రింటర్లకు సంబంధించిన కపిల్ వాధ్వా కేసులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ 2012 అక్టోబరు 3న దీనిపై కీలక తీర్పు ఇచ్చింది. చట్టబద్ధంగా కొన్న అసలు వస్తువును దిగుమతి చేసి అమ్మితే ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన కాదని చెప్పింది. అదే సమయంలో అమ్మేవాళ్లకు షరతు పెట్టింది. ఈ వస్తువును కంపెనీ దిగుమతి చేయలేదని, కంపెనీ వారంటీ ఉండదని, సర్వీస్ బాధ్యత తమదేనని షాపులో అందరికీ కనిపించేలా బోర్డు పెట్టాలి.

అంటే షాపతను చెప్పి అమ్మితే ఒక లెక్క, దాచి అమ్మితే మరో లెక్క. ‘ఇంపోర్టెడ్ పీసండీ, కంపెనీ వారంటీ ఉంటుంది’ అని నోటిమాటగా చెప్పి అంటగడితే, మీరు నిలదీయడానికి వినియోగదారుల చట్టం ఉంది.

ఇక్కడ అమ్మే ప్రతి పీస్‌కు కొన్ని గుర్తులు ఉండి తీరాలి. దిగుమతి చేసిన ప్యాకేజీ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, ఎమ్మార్పీ, ఫిర్యాదులకు ఫోన్ లేదా మెయిల్ ముద్రించాలని 2011 నాటి తూనికలు, కొలతల ప్యాకేజీ నిబంధనలు చెబుతున్నాయి. వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్, ఇయర్‌ఫోన్స్‌కు బీఐఎస్ రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి. బాక్స్ మీద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉంటుంది. ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో ఆ నంబర్ కొడితే ఏ కంపెనీ, ఏ వస్తువు పేరుతో నమోదైందో తెలుస్తుంది. నంబర్ లేకపోయినా, కొడితే వేరే వస్తువు వచ్చినా అక్కడితో ఆగిపోవడం మంచిది.

కోదాడ దాటితే వారంటీ మారుతుందా?

మారదు. కోదాడ దాటగానే ఆంధ్రప్రదేశ్ వస్తుంది. మిర్యాలగూడ వైపు వాడపల్లి దగ్గర కృష్ణ దాటినా అంతే. కోదాడ వాళ్లకు హైదరాబాద్ కంటే విజయవాడే దగ్గర కాబట్టి చాలామంది అక్కడే కొంటారు. ‘ఆంధ్రాలో కొన్నారు, తెలంగాణలో సర్వీస్ ఉండదు’ అని ఎవరైనా అంటే నమ్మకండి. వారంటీ కార్డు మీద ‘ఇండియాలో చెల్లుతుంది’ అని ఉంటే అది దేశమంతటా చెల్లుతుంది. 2017 జులై 1 నుంచి జీఎస్టీ రావడంతో రెండు రాష్ట్రాల్లోనూ పన్ను ఒకటే.

డీలర్‌కు జిల్లాల వారీగా ప్రాంతం కేటాయించి ఉండొచ్చు. అది డీలర్‌కు, కంపెనీకి మధ్య ఒప్పందం. కొనుక్కునే మీకు దానితో సంబంధం లేదు. మీకు కావాల్సిందల్లా జీఎస్టీ నంబర్‌తో, సీరియల్ నంబర్ రాసిన పక్కా బిల్లు.

లగేజీలో తెస్తే కస్టమ్స్ కట్టాలా?

విదేశాల నుంచి విమానంలో వచ్చే భారతీయులు, భారత సంతతి పర్యాటకులు తెచ్చే వస్తువులకు సుంకం లేని పరిమితి ఉంటుంది. 2016 నిబంధనల్లో ఇది 50,000 రూపాయలు. 2026 ఫిబ్రవరి 2 నుంచి దీన్ని 75,000 రూపాయలు చేశారు. విదేశీ పర్యాటకులకు ఇది 25,000 రూపాయలే. కాబట్టి మీ అన్నయ్య తెచ్చే ఒక జత హెడ్‌ఫోన్స్ సాధారణంగా ఈ పరిమితిలోనే ఉంటుంది. అయితే మూడు విషయాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది, పరిమితి హెడ్‌ఫోన్స్‌కు మాత్రమే కాదు. బట్టలు, సొంతంగా వాడుకుంటున్న సామాన్లు పోను కొత్తగా తెచ్చే వాచీ, ఫోన్, పెర్ఫ్యూమ్ అన్నీ కలిపి లెక్క. రెండోది, ఇద్దరు కలిసి వస్తే ఇద్దరి పరిమితినీ కలిపి ఒకే ఖరీదైన వస్తువుకు వాడుకోవడం కుదరదు. మూడోది, పరిమితి దాటితే రెడ్ ఛానల్‌లోకి వెళ్లి చెప్పి, దాటిన మొత్తంపై సుంకం కట్టాలి. ‘అతిథి’ యాప్‌లో విమానం ఎక్కే ముందే వివరాలు ఇవ్వొచ్చు. చెప్పకుండా గ్రీన్ ఛానల్‌లో వచ్చి శంషాబాద్‌లో దొరికితే వస్తువు జప్తు, జరిమానా రెండూ ఉంటాయి. ఒకే మోడల్ పది పీసులు తెస్తే ‘సొంతానికి’ అంటే ఎవరూ ఒప్పుకోరు, అది వ్యాపారం కిందికి వస్తుంది.

కొనుగోలు బిల్లును ఫోన్లోనే కాక ప్రింట్ కూడా ఉంచుకోమని వచ్చేవాళ్లకు చెప్పండి. బిల్లు లేకపోతే ధర అంచనా వేసేది అధికారే. దుబాయ్ నుంచి వచ్చేవాళ్లు పర్యాటక వీసా మీద వెళ్లినవాళ్లయితే, నిబంధనల మేరకు అక్కడ కట్టిన 5 శాతం వ్యాట్‌ను తిరిగి కోరవచ్చు.

పార్సిల్‌లో తెప్పిస్తే?

ఇది వేరే లెక్క. లగేజీకి ఉన్న 75,000 రూపాయల మినహాయింపు పార్సిల్‌కు వర్తించదు. ‘గిఫ్ట్ అని రాస్తే సుంకం ఉండదు’ అన్న మాట ఇప్పటికీ తిరుగుతోంది. అది పాత ముచ్చట. 2019 డిసెంబరు నుంచి రాఖీలు, ప్రాణరక్షక మందులు మినహా గిఫ్ట్ పార్సిళ్లకు సుంకం లేని దిగుమతి సౌకర్యం ఎత్తేశారు. సొంతానికి తెప్పించుకునే వస్తువులపై కస్టమ్స్ సుంకాన్ని 2026 బడ్జెట్‌లో 20 నుంచి 10 శాతానికి తగ్గించారు. దానిపైన సర్‌చార్జి, ఐజీఎస్టీ, కొరియర్ కంపెనీ ఛార్జీలు అదనం. సుంకం వేసేటప్పుడు వస్తువు ధరతో పాటు రవాణా, బీమా ఖర్చును కూడా విలువలో కలుపుతారు. కొరియర్ కంపెనీ కేవైసీ కోసం ఆధార్ లేదా పాన్ అడుగుతుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. ‘మీ పార్సిల్ కస్టమ్స్‌లో ఆగింది, ఈ యూపీఐకి డబ్బు పంపండి’ అని ఫోన్ వస్తే కట్ చేయండి. కస్టమ్స్ అధికారులు వ్యక్తిగత ఖాతాలకు డబ్బు అడగరు. వాళ్లు పంపే అధికారిక లేఖల మీద డీఐఎన్ అనే నంబర్ ఉంటుంది, దాన్ని సీబీఐసీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. ‘మీ పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి’ అంటూ వీడియో కాల్‌లో బెదిరించేవాళ్లు నూటికి నూరుపాళ్లు మోసగాళ్లే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

నిజంగా ఎంత మిగులుతుంది?

ఒక ఉదాహరణ చూద్దాం. అమెరికాలో ధర 300 డాలర్లు, ఇక్కడ 33,000 రూపాయలు అనుకుందాం. డాలర్ 90 రూపాయలు అనుకుంటే 27,000 అయింది, 6,000 మిగిలినట్లే కనిపిస్తుంది. కానీ డాలస్‌లో కొంటే 8.25 శాతం సేల్స్ ట్యాక్స్ పడుతుంది. అప్పుడు మొత్తం 324.75 డాలర్లు, అంటే దాదాపు 29,200 రూపాయలు. మిగిలేది 3,800. ఇక్కడి నుంచి మీ కార్డుతో కట్టారంటే బ్యాంకు ఫారెక్స్ మార్కప్ కూడా పోతుంది.

ఇప్పుడు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే. ఏడాది వారంటీని 3,800 రూపాయలకు వదులుకోవచ్చా? వైర్‌తో పనిచేసే హెడ్‌ఫోన్స్‌లో పాడయ్యే భాగాలు తక్కువ, కేబుల్ మార్చుకోవచ్చు. వాటికైతే కొందరు సరేనంటారు. బ్యాటరీ, బ్లూటూత్, చార్జింగ్ కేస్ ఉన్న ఇయర్‌బడ్స్‌లో అలా కాదు. ఒక బడ్ పోతే విడిగా కొనాలన్నా ఇక్కడి సర్వీస్ సెంటర్ విదేశీ సీరియల్ నంబర్‌కు ఒప్పుకోకపోవచ్చు. ఆఫర్ సీజన్‌లో మన దగ్గర ధర తగ్గితే ఆ తేడా కూడా మిగలదు.

‘పాడైతే తిరిగి అమెరికా పంపిద్దాం’ అనుకోవడం కూడా అంత తేలిక కాదు. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. బాగై తిరిగొచ్చేటప్పుడు ఇక్కడి కస్టమ్స్‌కు అది రిపేరుకు పంపిన వస్తువేనని పత్రాలతో చూపించుకోవాలి. అందరికీ సులువైన దారి, తర్వాత వెళ్లేవాళ్ల చేతికి ఇచ్చి పంపడమే. అప్పటికి వారంటీ గడువు మిగిలి ఉండాలి మరి.

కొనే ముందు ఈ పనులు చేయండి

కంపెనీ ఇండియా వెబ్‌సైట్‌లో వారంటీ పేజీ చదవండి. ‘అంతర్జాతీయ వారంటీ’ అని ఉందా, ‘కొన్న దేశంలోనే’ అని ఉందా చూడండి. అర్థం కాకపోతే కస్టమర్ కేర్‌కు మోడల్ నంబర్ రాసి మెయిల్ పెట్టండి. ఫోన్లో చెప్పిన మాట నిలవదు, మెయిల్‌లో వచ్చిన జవాబు నిలుస్తుంది.

అక్కడ కొన్నా అధీకృత డీలర్ దగ్గరే కొనమని చెప్పండి. ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో అమ్మకందారు పేరు వేరే ఉంటుంది, అక్కడే నకిలీలు దూరుతాయి. కొన్న రోజే బాక్స్ తెరిచి, అక్కడే నాలుగు రోజులు వాడి చూడమనండి. లోపం ఉంటే రిటర్న్ గడువులోగా షాపులోనే మార్చుకోవచ్చు. ‘సీల్ తీయకుండా తెస్తాను’ అన్నది ప్రేమే కానీ, లోపం ఇక్కడికి వచ్చాక బయటపడితే ఎవరూ ఏమీ చేయలేరు. విమానంలో చేతి బ్యాగులో పెట్టుకోవడం మేలు.

ఇక్కడి షాపులో కొంటే ‘కంపెనీ వారంటీయా, షాపు వారంటీయా’ అని అడిగి బిల్లు మీదే రాయించుకోండి. రాయడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్లే.

మోసపోతే ఎక్కడికి వెళ్లాలి?

వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపం ఉన్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం కూడా అంతే. ఆన్‌లైన్‌లో కొంటే 2020 ఈ-కామర్స్ నిబంధనలు వర్తిస్తాయి. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ఇండియాలోని వినియోగదారులకు క్రమం తప్పకుండా అమ్ముతున్న విదేశీ వెబ్‌సైట్‌లకూ ఇవి వర్తిస్తాయి. కానీ మీ అన్నయ్య అమెరికా షాపులోకి వెళ్లి కొన్న వస్తువుకు ఈ రక్షణ దొరకదు.

మొదట షాపుకు లేదా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడొచ్చు. 8800001915కు వాట్సాప్ కూడా చేయొచ్చు. చాలా చిన్న ఫిర్యాదులు ఇక్కడే తేలిపోతాయి.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు కొన్న ఊళ్లోనే వేయాలన్న నిబంధన ఇప్పుడు లేదు. మీరు నివసించే చోట లేదా పనిచేసే చోట వేయొచ్చు. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో కొన్న వస్తువు కోసం మిర్యాలగూడ వాసి నల్గొండలోని జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. 2025 జనవరి 1న మొదలైన ‘ఈ-జాగృతి’ పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు.  వస్తువు విలువ 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి.

దీనికి కావాల్సినవి బిల్లు, వారంటీ కార్డు, బాక్స్ ఫొటోలు, షాపుతో జరిగిన మెసేజ్‌లు. అందుకే బాక్స్‌ను వచ్చిన రోజే పారేయకండి. నాలుగు వైపులా ఫొటోలు తీసి బిల్లుతో పాటు ఒకే ఫోల్డర్‌లో దాచుకోండి. ఆరు నెలల తర్వాత ఒక పక్క సౌండ్ ఆగిపోయిన రోజు మీ పక్షాన మాట్లాడేవి అవే.